కెమెరా పక్కన నిలబడ్డ మనిషి

మైలాపూరు, చెన్నై

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

పాత ఫోటోల ఆల్బములకు పట్టిక రాసే పని ఒప్పుకొన్నావని మీ అమ్మ చెప్పింది. వాటిలో ఎక్కడైనా కెమెరా పక్కన మనిషి కనిపిస్తే, ఫోటోగ్రాఫరని రాసే ముందు "మరి ఈ ఫోటో తీసిందెవరు?" అని ఒక్క నిమిషం ఆగు.

నేను ఆగలేదు. ఒక పెళ్లి ఫోటోలో స్టాండు మీది కెమెరా పక్కన కోటుతో ఠీవిగా నిలుచున్నాయనను స్టూడియో యజమానిగా రాసేశాను. ఆయన ఫోటో పడే గాజు ప్లేట్లు మోసే సహాయకుడనీ, యజమాని రెండో కెమెరా వెనక ఉండిపోయాడనీ ఆ ఇంటి పెద్దావిడ చెప్పేదాకా నాకు తట్టలేదు. 1855లో క్రిమియా యుద్ధానికి వెళ్లిన బ్రిటిష్ ఫోటోగ్రాఫరు రోజర్ ఫెంటన్ బండి ఫోటో సంగతీ ఇంతే. ఆ బండి మీద కూర్చున్నది ఫెంటన్ కాదు, ఆయన సహాయకుడు మార్కస్ స్పార్లింగ్.

అసలు ఆ బండి ఎందుకంటే, 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఇంగ్లీషాయన ప్రకటించిన కొలోడియన్ పద్ధతిలో గాజుపలకకు మందు పట్టించి, ఆ తడి ఆరకముందే ఫోటో తీసి కడిగేయాలి కనుక, చీకటి గదిని వెంట తీసుకుపోక తప్పేది కాదు. మన మద్రాసు ఎండలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుందో నీకు వేరే చెప్పాలా! 1856 నుంచి మద్రాసు ప్రభుత్వానికి ఫోటోలు తీసిన లిన్నేయస్ ట్రైప్ ఎక్కువగా, ముందే సిద్ధం చేసి ఉంచుకోగల మైనం పట్టించిన కాగితపు నెగటివులే వాడాడు.

లండన్‌లో రిచర్డ్ బియర్డ్ స్టూడియోలో 1843 ప్రాంతంలో తీసిన ఫోటో ఒకటి తప్పక చూడు. జేబెజ్ హాగ్ అనే ఫోటోగ్రాఫరు ఒక చేత లెన్సు మూత, మరో చేత గడియారం పట్టుకొని, ఎదుట కూర్చున్నాయనను ఫోటో తీస్తుంటాడు. అప్పటికి షట్టరు లేదు. మూత తీసి, క్షణాలు లెక్కపెట్టి, మళ్లీ మూయడమే. అయితే ఆ దృశ్యాన్ని తీస్తున్న ప్లేటు కోసం హాగ్ కూడా కదలకుండా నిలబడవలసిందే కదా! కనుక పనిలో మునిగినట్టున్న ఆ భంగిమను పూర్తిగా నమ్మకు. పైగా అది డాగెరోటైపు, అంటే వెండిపూత రేకు మీదే నేరుగా బొమ్మ పడే తొలినాటి ఫోటో; అందులో సాధారణంగా కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి, ఏ చేత ఏముందో కూడా తొందరపడి రాయకు.

తీసినవాడే ఫోటోలో పడేది ఎక్కువగా అద్దంలోనో, నీడగానో. చేతి కెమెరాలు వచ్చాక, పొద్దు వాలే వేళ తీసిన ఫోటోల అడుగు అంచున, మోచేతులు విప్పి తల వంచిన నీడ కనిపిస్తుంది. అందుకే స్కాన్ చేసేటప్పుడు అంచులు కత్తిరించవద్దని మీ వాళ్లకు ఇప్పుడే చెప్పు.

ఆశీస్సులతో,
తాతయ్య