మాస్టర్స్ ఫీజు కోసం ఇంటి మీద అప్పా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. పాప డిగ్రీ జీపీఏ 3.3, మెడికల్ ఎంట్రన్స్ ఎంక్యాట్‌లో 509. మెడికల్ స్కూల్స్ నుంచి ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. మెడికల్ సీటుకు సాయపడుతుందనే ఏడాది స్పెషల్ మాస్టర్స్‌లో సీటొచ్చింది, ఖర్చు 70,000 డాలర్లు. ఇల్లు తాకట్టు పెట్టి హెలాక్ అనే అప్పు 45,000, నా 401(కె) రిటైర్మెంట్ ఖాతా నుంచి 25,000 లోన్ తీసుకుందామనుకుంటున్నాను. చేతిలో 9,000 ఉంది. నెల ఖర్చు 6,500. నా ఒక్కడి జీతమే.

జవాబు: మీ ఉత్తరంలో నాకు భయం వేసింది ఆ 9,000 దగ్గర. నెలన్నర కూడా గడవదు. రేపు మీ ఉద్యోగం పోతే 401(కె) లోన్‌లో మిగిలిన బాకీని ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా కట్టాలి. లేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కేస్తారు. మీకు 59½ ఏళ్లు నిండకపోతే సాధారణంగా 10 శాతం పెనాల్టీ కూడా. అదే నెలల్లో హెలాక్ వాయిదా వస్తుంది, దాని వడ్డీ పెరగొచ్చు, తాకట్టులో ఉన్నది మీరుండే ఇల్లు. పిల్లల చదువు అనగానే మనవాళ్లు ఈ లెక్క చూడటం మానేస్తారు. దయచేసి మీరు ఆ పని చేయకండి.

ఖర్చు ఒక్క ఏడాదితో ఆగదు. మార్కులన్నీ చేతికొచ్చాక మేలో అప్లికేషన్ మొదలుపెడితే క్లాసులు మొదలయ్యేది మరుసటి ఏడాదే. ఆ మధ్య ఏడాది అప్లికేషన్ ఫీజులు, పాప ఖర్చులు ఎక్కడివి? పైగా మెడికల్ స్కూల్స్ ఉమ్మడి అప్లికేషన్ సర్వీసు ఏఎంక్యాస్ మాస్టర్స్ మార్కులను అండర్‌గ్రాడ్ జీపీఏలో కలపదు. 3.3 అలాగే ఉంటుంది. స్టేట్ యూనివర్సిటీలో పోస్ట్‌బ్యాక్‌గా, అంటే డిగ్రీ అయ్యాక మళ్లీ అండర్‌గ్రాడ్ సైన్స్ కోర్సులు చేస్తే కలుపుతుంది, ఖర్చూ సాధారణంగా తక్కువే.

అసలు పెద్ద అప్పు ఇంకా ముందుంది. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ లేదు. ఫెడరల్ లోన్ మాస్టర్స్‌కి ఏడాదికి 20,500, ఎండీకి (ఇక్కడి డాక్టర్ డిగ్రీ) ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షల డాలర్ల వరకే. చాలా కాలేజీల ఖర్చు అంతకన్నా ఎక్కువ. మిగతాదానికి ప్రైవేట్ లోన్ తీసుకుంటే కోసైనర్‌గా, అంటే హామీదారుగా మీ సంతకమే అడుగుతారు. అప్పటికే ఇల్లు, రిటైర్మెంట్ డబ్బు వాడేసి ఉంటే ఏం చూపిస్తారు?

ముందు ఆరు నెలల ఖర్చు, 39,000 డాలర్లు, సేవింగ్స్‌లో పెట్టండి. మీ డిజేబిలిటీ కవర్ (జబ్బుచేసి పని చేయలేకపోతే డబ్బిచ్చే ఇన్సూరెన్స్) ఎంతుందో ఈ వారమే చూసుకోండి. ఈలోగా పాప ఏదైనా క్లినిక్‌లో పని చేస్తూ రెండు కోర్సులు చదవొచ్చు.

ఆ ప్రోగ్రామ్‌వాళ్లకు ఒక ఈమెయిల్ కూడా పెట్టండి: చేరిన వారిలో, పూర్తి చేసిన వారిలో కాదు, ఎంతమందికి మెడికల్ సీటు వచ్చింది? అంకె రాతపూర్వకంగా వచ్చేదాకా డిపాజిట్ కట్టకండి.