ఇంగ్లండ్‌లో ట్రైనీ సొలిసిటర్: దరఖాస్తు నుంచి మొదటి సీటు దాకా
(చట్టం – చదువు: పాఠకుల ప్రశ్నలు, మా నిపుణుల జవాబులు)

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండ్ సొలిసిటర్ శిక్షణ గురించే. కింది జవాబులు ఇంగ్లండ్, వేల్స్‌కు మాత్రమే. స్కాట్లండ్, నార్తర్న్ ఐర్లండ్ పద్ధతులు వేరు.

*ప్రశ్న: ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరంలో ఉన్నాను. లండన్‌లో ఏడాది ఎల్‌ఎల్‌ఎం చేసి, అక్కడే లా ఫర్మ్‌లో ట్రైనింగ్ కాంట్రాక్ట్ తెచ్చుకోవాలని ఉంది. ఎల్‌ఎల్‌ఎం ఉంటే దారి తెరుచుకున్నట్టే అని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నిజమేనా? – విద్యార్థిని, హైదరాబాద్*

కాదండి. సొలిసిటర్ కావడానికి ఎల్‌ఎల్‌ఎం అవసరమే లేదు. నియంత్రణ సంస్థ సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ (ఎస్‌ఆర్‌ఏ) అడిగేవి ఇవి: ఒక డిగ్రీ లేదా దానికి సమానమైన చదువు, సొలిసిటర్ అర్హత పరీక్షలైన ఎస్‌క్యూఈ 1, 2, రెండేళ్ల అర్హత పని అనుభవం (ఫర్మ్‌లో ట్రైనీగా చేసే ట్రైనింగ్ కాంట్రాక్ట్ దానికి ఒక దారి), నడవడిక పరిశీలన. మీ ఎల్‌ఎల్‌బీ మొదటి దానికి సరిపోతుంది. ఎల్‌ఎల్‌ఎం వల్ల లాభం లేదని కాదు. అక్కడ ఉండి మనుషులను కలవవచ్చు, ఫర్మ్‌ల సభలకు వెళ్లవచ్చు. కానీ అది ఉద్యోగానికి టికెట్ అని ఎవరైనా చెబితే నమ్మకండి.

అసలు చిక్కు క్యాలెండర్‌తో వస్తుంది. పెద్ద ఫర్మ్‌లు ట్రైనీలను సుమారు రెండేళ్ల ముందే ఎంచుకుంటాయి. దరఖాస్తులు సెప్టెంబరు, అక్టోబరుల్లో తెరుస్తారు. వెకేషన్ స్కీమ్ గడువులు చాలావరకు నవంబరు, జనవరి మధ్య ముగుస్తాయి. ఒకటి నుంచి మూడు వారాలు ఫర్మ్‌లో కూర్చోబెట్టి చూసే ఈ స్కీమ్ నుంచే చాలా ఫర్మ్‌లు తమ ట్రైనీలను తీసుకుంటాయి. సెప్టెంబరులో దిగి, ఇల్లు వెతుక్కుని, పార్ట్‌టైమ్ పని చూసుకుని, క్రిస్మస్ తర్వాత తీరిగ్గా ఫారం తెరిచేవాళ్లకు అప్పటికే సగం తలుపులు మూసుకుపోతాయి.

ఇక వీసా లెక్క. చదువు తర్వాతి గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టే మాస్టర్స్ విద్యార్థులకు 18 నెలలే. ఎల్‌ఎల్‌ఎం మొదట్లోనే ఆఫర్ వచ్చినా, చేరే తేదీ మీ వీసా ముగిసే సమయానికి అటూ ఇటూగా పడుతుంది. అందుకే విమానం ఎక్కకముందే, హైదరాబాద్ నుంచే దరఖాస్తులు పంపండి. ఇండియాలో చదువుతున్నవారిని తీసుకునే ఫర్మ్‌లు ఉన్నాయి. ఫారం నింపేముందు ఆ ఫర్మ్ వీసా స్పాన్సర్ చేస్తుందో లేదో చూసుకోండి.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి. స్టూడెంట్ వీసాపై టర్మ్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. మాస్టర్స్ వాళ్లకు డిసర్టేషన్ రాసే వేసవి కూడా సాధారణంగా టర్మ్ కిందికే వస్తుంది. వేసవి స్కీమ్‌లో రోజంతా పనిచేస్తే వీసా షరతు దాటినట్టే. కాబట్టి చలికాలం, ఈస్టర్ స్కీమ్‌లు చూసుకోండి, ముందుగా యూనివర్సిటీలో తేదీలు రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

*ప్రశ్న: జిల్లా కోర్టులో ఆరేళ్లుగా అడ్వొకేట్‌ని. ఇంగ్లండ్ సొలిసిటర్ కావాలంటే మళ్లీ ట్రైనీగా రెండేళ్లు చేయాల్సిందేనా? – విజయవాడ*

అక్కర్లేదు. బార్ కౌన్సిల్‌లో నమోదై ప్రాక్టీస్ హక్కు ఉన్న మీరు 'అర్హత పొందిన న్యాయవాది' కింద వస్తారు. రెండేళ్ల అనుభవ నిబంధన మీకు వర్తించదు. ఎస్‌క్యూఈ మాత్రం రాయాలి. మీ అనుభవాన్ని బట్టి రెండో పరీక్ష నుంచి మినహాయింపు కోరవచ్చు, మొదటిదానిపై ఆశ పెట్టుకోవద్దు.

ఎస్‌క్యూఈ 1 అంటే రెండు పేపర్లు, ఒక్కోదానిలో 180 ప్రశ్నలు, ప్రతిదానికీ ఐదు జవాబుల్లో అత్యుత్తమమైనది ఎంచుకోవాలి. కంప్యూటర్ పరీక్షలు నడిపే పియర్సన్ వ్యూ సంస్థ కేంద్రాల్లో రాయవచ్చు కాబట్టి దీనికోసం ఇంగ్లండ్ వెళ్లనవసరం లేదు. ఎస్‌క్యూఈ 2లో 12 రాత పనులు, 4 మౌఖిక పనులు ఉంటాయి. మౌఖికానికి ఇంగ్లండ్ లేదా వేల్స్ వెళ్లాల్సిందే. రెండింటి ఫీజు కలిపి 4,700 పౌండ్లు దాటింది, కోచింగ్ అదనం. మొదటిసారి రాసిన నాటి నుంచి ఆరేళ్లలో ఒక్కోదానికి మూడు అవకాశాలే.

మన దగ్గర బాగా ప్రాక్టీస్ ఉన్నవాళ్లు తప్పేది తెలియని చోట కాదు, తెలుసనుకున్న చోట. మన కాంట్రాక్ట్ చట్టం 1872, సెక్షన్ 2(డి) ప్రకారం ప్రతిఫలం (వాగ్దానానికి బదులుగా ఇచ్చేది) వాగ్దానం పొందినవాడే ఇవ్వనక్కర్లేదు, వేరొకరు ఇచ్చినా చెల్లుతుంది. గతంలో చేసిన పనీ ప్రతిఫలమే అవుతుంది. ఇంగ్లండ్‌లో ప్రతిఫలం వాగ్దానం పొందినవాడి నుంచే రావాలి, గడిచిపోయిన పని మామూలుగా చెల్లదు. ఐదు జవాబుల్లో ఒకటి అచ్చం మన చట్టంలాగే కనిపిస్తుంది. చేయి దానిమీదికే పోతుంది. సొలిసిటర్స్ అకౌంట్స్ (క్లయింట్ల డబ్బు లెక్కల నియమాలు), అక్కడి భూమి రిజిస్ట్రేషన్ పూర్తిగా కొత్తవి కాబట్టి సగం సమయం వాటికే కేటాయించండి.

సొలిసిటర్‌గా పేరు నమోదైనంత మాత్రాన అక్కడ పనిచేసే హక్కు రాదు. వీసా వేరే సంగతి.

*ప్రశ్న: మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో లా రెండో సంవత్సరం. పదిహేను ఫర్మ్‌లకు పంపింది, ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. మార్కులు బాగానే ఉన్నాయి. ఎక్కడ తేడా కొడుతోంది? – ఒక తల్లి, లెస్టర్*

పదిహేను అన్నారు, అక్కడే అనుమానం. ఒక ఫారం శ్రద్ధగా నింపాలంటే ఎనిమిది, పది గంటలు పడుతుంది. 'మా ఫర్మే ఎందుకు?' అనే ప్రశ్నకు 250 నుంచి 500 పదాల్లో రాయమంటారు. 'అంతర్జాతీయ ఖ్యాతి, స్నేహపూర్వక వాతావరణం' అని రాస్తే అది ఏ ఫర్మ్‌కైనా అతుకుతుంది. ఒక పరీక్ష చెబుతాం: ఆమె రాసిన పేరాలో ఫర్మ్ పేరు తీసి పోటీ ఫర్మ్ పేరు పెట్టి చూడమనండి. అప్పుడూ వాక్యం నిలబడితే ఆ పేరా పనికిరాదు. ఆ ఫర్మ్ చేసిన ఒక డీల్, అందులో న్యాయపరంగా క్లిష్టమైనదేమిటి, అది ఆమెకు నచ్చిన విషయంతో ఎలా కలుస్తుంది, ఇంతవరకు దిగి రాయాలి. ఆరు ఫారాలు ఇలా రాస్తే చాలు. పాత ఫారంలోని ఫర్మ్ పేరు కొత్తదానిలో మిగిలిపోవడం ప్రతి ఏటా జరిగేదే, దాన్ని ఎవరూ క్షమించరు.

పని అనుభవం గడిలో చిన్న పనులను దాచేయడం మన పిల్లల్లో ఎక్కువ. ఇంటి దుకాణంలో శనివారాలు కౌంటర్ చూసుకోవడం, సరఫరాదారు బిల్లులు సరిచూడడం నిజమైన అనుభవమే. లెక్కలు తెలుసు, కోపంగా ఉన్న కస్టమర్‌తో మాట్లాడడం తెలుసు అని అది చెబుతుంది. రెండు రోజుల కోర్టు సందర్శన కంటే అదే నయం.

చాలా ఫర్మ్‌లు గడువు దాకా ఆగకుండా వచ్చినవి వచ్చినట్టు చూస్తాయి. చివరి రోజు పంపితే ఖాళీలు సగం నిండి ఉంటాయి.

ఫారం దాటితే తరచూ తర్కశక్తిని చూసే వాట్సన్ గ్లేజర్ పరీక్ష ఉంటుంది: 40 ప్రశ్నలు, 30 నిమిషాలు. బయటి జ్ఞానం తేవడం వల్లే ఇక్కడ ఓడిపోతారు. పేరాలో ఉన్నదాన్ని మాత్రమే నిజమనుకోవాలి, లోకంలో అది అబద్ధమైనా సరే. 'బహుశా నిజం', 'సమాచారం చాలదు' మధ్య తేడా చేతికి వచ్చేదాకా సాధన చేయాలి. ఆ తర్వాత రికార్డు చేసే వీడియో ఇంటర్వ్యూ, చివరికి అసెస్‌మెంట్ సెంటర్, అంటే గ్రూప్ చర్చ, ఇంటర్వ్యూల వంటివి కలిపి పెట్టే ఎంపిక. గ్రూప్ చర్చలో ఎక్కువ మాట్లాడినవాళ్లు గెలుస్తారనుకోవడం పొరపాటు. సమయం చూస్తూ, మాట్లాడని వ్యక్తిని అడిగి, చర్చను నిర్ణయం దాకా లాక్కొచ్చేవాళ్లకే మార్కులు పడతాయి. పార్ట్‌నర్ ఇంటర్వ్యూలో కేస్ స్టడీపై ఆమె అభిప్రాయాన్ని కావాలనే ఎదిరిస్తారు. వెంటనే మాట మార్చకూడదు, మొండికేయనూ కూడదు. కొత్త వాస్తవం చెబితే మారాలి, ఒత్తిడి మాత్రమే అయితే నిలబడాలి.

*ప్రశ్న: స్లౌలోని చిన్న ఇమిగ్రేషన్ ఫర్మ్‌లో పారాలీగల్‌గా ఏడాదిన్నర చేశాను. ఇది శిక్షణ కిందికి రాదని యజమాని అంటున్నారు. – పాఠకుడు*

రావచ్చు. 2021 సెప్టెంబరు 1 నుంచి వచ్చిన పద్ధతిలో రెండేళ్ల అనుభవాన్ని గరిష్ఠంగా నాలుగు సంస్థల్లో కూడబెట్టుకోవచ్చు. పారాలీగల్ (సొలిసిటర్ కాకుండా న్యాయ పనుల్లో సహాయపడే ఉద్యోగి) పని, లా క్లినిక్ (ఉచిత న్యాయ సలహా కేంద్రం) పని కూడా చెల్లుతాయి. ఇంగ్లండ్, వేల్స్ సొలిసిటర్ గానీ, ఫర్మ్‌లో నిబంధనల బాధ్యుడు గానీ ధ్రువీకరించాలి. వాళ్లు ధ్రువీకరించేది మీరు ఎంత కాలం చేశారు, కనీసం రెండు నైపుణ్యాలు పెంచుకునే అవకాశం దక్కిందా, నడవడికపై అనుమానాలేమైనా ఉన్నాయా అన్నవే. మీరు సమర్థులని పూచీ ఇవ్వమని ఎవరూ అడగరు. ఈ సంగతి తెలియకే చాలామంది యజమానులు వెనకాడతారు. ఫర్మ్‌లో అర్హులు లేకపోతే, మీ పనిని ప్రత్యక్షంగా ఎరిగిన బయటి సొలిసిటర్‌ను అడగవచ్చు. ఈ రోజు నుంచే వారం వారం ఏం చేశారో రాసి పెట్టుకోండి, క్లయింట్ పేర్లు లేకుండా.

వీసా సంగతి వేరు. 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ స్పాన్సర్‌షిప్‌ను ప్రధానంగా డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే పరిమితం చేశారు. కనీస జీతం సాధారణంగా 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవారికి 33,400. పారాలీగల్‌గా స్పాన్సర్ దొరుకుతారని ప్లాన్ వేసుకోవద్దు. లండన్ పెద్ద ఫర్మ్‌ల ట్రైనీలకు 50,000 పౌండ్లకు పైగా ఇస్తారు కాబట్టి ఈ గీత అడ్డం కాదు. చిన్న పట్టణాల ఫర్మ్‌లలోనే కష్టం.

*ప్రశ్న: సెప్టెంబరులో మాంచెస్టర్‌లో ట్రైనీగా చేరుతున్నాను. మొదటి సీటు రియల్ ఎస్టేట్. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – పాఠకురాలు*

సీటు అంటే ట్రైనీ కొంతకాలం పనిచేసే విభాగం. సాధారణంగా ఆరు నెలల చొప్పున నాలుగు సీట్లు. రియల్ ఎస్టేట్‌లో మొదలుపెట్టడం అదృష్టమనే చెప్పాలి. ట్రైనీకి సొంత ఫైళ్లు త్వరగా ఇస్తారు. తప్పులు కూడా త్వరగా దొరుకుతాయి.

తేదీలు డైరీలో రెండు చోట్ల రాసుకోండి. కంప్లీషన్ (కొనుగోలు పూర్తయ్యే రోజు) నాటి నుంచి స్టాంప్ డ్యూటీ రిటర్నుకు 14 రోజులు (వేల్స్‌లో ఆస్తి అయితే వేరే పన్ను, 30 రోజులు). ఆ రిటర్ను సర్టిఫికెట్ లేనిదే ల్యాండ్ రిజిస్ట్రీ దరఖాస్తు తీసుకోదు. కొనేది కంపెనీ అయి బ్యాంకు తనఖా ఉంటే కంపెనీస్ హౌస్‌లో 21 రోజుల్లో నమోదు చేయాలి. దాటితే, ఆ కంపెనీ దివాలా తీసినప్పుడు లిక్విడేటర్ ముందు తనఖా చెల్లదు, బ్యాంకు మీ ఫర్మ్ మీద పడుతుంది. ల్యాండ్ రిజిస్ట్రీ సెర్చ్ ఇచ్చే రక్షణ 30 పనిదినాలు. అది తీరేలోగా రిజిస్ట్రేషన్ దరఖాస్తు చేరకపోతే మధ్యలో ఇంకొకరి హక్కు దూరిపోవచ్చు.

ఫోన్‌లో మర్యాదకైనా 'తప్పకుండా పంపిస్తాం, అది మా బాధ్యత' అనకండి. అవతలి సొలిసిటర్ దాన్ని అండర్‌టేకింగ్ (వృత్తిపరమైన హామీ) అని పట్టుకుంటే ఫర్మ్ కట్టుబడాల్సిందే. పార్ట్‌నర్ అనుమతి లేకుండా ట్రైనీ అండర్‌టేకింగ్ ఇవ్వకూడదు. కంప్లీషన్లు ఎక్కువగా శుక్రవారం పెట్టుకుంటారు, మోసగాళ్లూ అదే రోజు చూసుకుంటారు. 'మా బ్యాంకు ఖాతా మారింది' అనే ఈమెయిల్ వస్తే, అందులోని నంబరుకు కాక ఫైల్లో ముందు నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోండి.

సమయాన్ని ఆరు నిమిషాల యూనిట్లలో నమోదు చేస్తారు. 'ఇంత పట్టిందని చెబితే నవ్వుతారు' అని తగ్గించి రాయకండి. ఎంత బిల్లు వేయాలో, ఎంత వదిలేయాలో తేల్చేది పార్ట్‌నర్. మీరు తగ్గిస్తే తర్వాతి ఫైలుకు వేసే అంచనా కూడా తప్పుతుంది. సాయంత్రం గుర్తు చేసుకుని రాద్దామనుకుంటే గంటైనా పోతుంది, పని మారిన ప్రతిసారీ అప్పుడే నమోదు చేయండి.

పని ఇచ్చినప్పుడు నాలుగు అడగండి: ఎప్పటికి కావాలి, ఏ రూపంలో, ఎంత సమయం పెట్టవచ్చు, పాత నమూనా ఉందా. ఇక ఏ కంపెనీ ఏం కొంటోందో ఇంట్లో వాట్సాప్ గ్రూపులో మాట వరసకైనా అనకండి. అది లిస్టెడ్ కంపెనీ అయితే గోప్యతతో ఆగదు, ఇన్‌సైడర్ డీలింగ్ (లోపలి సమాచారంతో షేర్ల లావాదేవీ) చట్టం దాకా పోతుంది.