పాత సినిమా హాళ్ల పని మొదలుపెడుతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. టొరంటో డౌన్‌టౌన్‌లోని పాత సినిమా హాళ్ల గురించి ఏదైనా చెయ్యాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగావు. చాలా సంతోషం వేసింది. నా ఉద్యోగమంతా ఆ ఊళ్లోనే గడిచింది. ఇప్పుడు వాంకూవర్‌లో మీ అన్న దగ్గర ఉంటున్నాను. రెండు ఊళ్ల హాళ్లనూ దగ్గర నుంచి చూశాను కాబట్టి నాకు తెలిసినంత రాస్తాను.

ముందు ఒక మాట. హాలు పడగొడతారని తెలిసిన రోజున బాధపడేవాళ్లకు కొదవ ఉండదు. కానీ ఆ రోజు పనికొచ్చేది అంతకు చాలా ముందే కాగితాలు, ఫోటోలు, మనుషుల మాటలు పోగుచేసి పెట్టుకున్నవాళ్లు. కౌన్సిల్ మీటింగ్‌లో లేచి ‘మా చిన్నప్పటి హాలండీ, చాలా బాగుండేది’ అంటే తలూపి తర్వాతి అంశానికి వెళ్లిపోతారు. ఫలానా ఏడాది ఫలానా ఆర్కిటెక్ట్ కట్టాడు, అసలు పైకప్పు ఫాల్స్ సీలింగ్ పైన ఇంకా చెక్కుచెదరకుండా ఉంది, ఇదిగో ఫోటో అంటే ఆగి వింటారు. అందుకని, ఏ గొడవా లేని హాలును ఇప్పుడే ఎంచుకుని మొదలుపెట్టు. ఒక్కటి చాలు.

వెతికేటప్పుడు హాలు పేరుతో కాకుండా వీధి పేరు, ఇంటి నంబరుతో వెతుకు. పేర్లు మారిపోతుంటాయి. యంగ్ స్ట్రీట్‌లో ఇప్పుడు ఎడ్ మిర్విష్ థియేటర్ అంటున్నారే, అది 1920లో పాంటేజెస్‌గా తెరిచింది. తర్వాత ఇంపీరియల్ అయింది. 1972లో లోపల ఆరు తెరలుగా చీల్చి ఇంపీరియల్ సిక్స్ అన్నారు. 1989లో మళ్లీ పాంటేజెస్, ఆ తర్వాత కానన్, 2011లో ఎడ్ మిర్విష్ పేరు. పేరు పట్టుకుని వెతికితే సగం చరిత్ర నీ చేతికి రాదు. టొరంటో సిటీ ఆర్కైవ్స్‌లో పాత పన్నుల రికార్డులు, రెఫరెన్స్ లైబ్రరీలో ఏటా అచ్చయిన సిటీ డైరెక్టరీలు ఉంటాయి. వాటిలో వీధి ప్రకారం వెళ్తే ఏ ఏడాది ఆ స్థలంలో ఎవరున్నారో వరసగా దొరుకుతుంది. గోడ్ కంపెనీ వేసిన అగ్నిబీమా మ్యాపులు కూడా చూడు. ఏ గోడ ఇటుకది, ఏది చెక్కది అని రంగుల్లో చూపిస్తాయి. థామస్ లాంబ్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన హాలు అయితే ఆయన గీసిన ప్లాన్లు న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ల ఏవరీ లైబ్రరీలో ఉన్నాయి. పాంటేజెస్ ఆయనదే. ఎల్గిన్, వింటర్ గార్డెన్ కూడా ఆయనవే.

ఈ మ్యాపుల్లో ఒక సంగతి గమనించు. యంగ్ స్ట్రీట్ వైపు సన్నటి ద్వారం, పొడుగాటి లాబీ, అసలు హాలు వెనక విక్టోరియా స్ట్రీట్ వైపు. యంగ్ స్ట్రీట్ మీద స్థలం ఖరీదు కాబట్టి అక్కడ బోర్డుకూ టికెట్ల కిటికీకీ సరిపడా మాత్రమే కొనేవాళ్లు. దీనివల్ల తర్వాత చిక్కులు వచ్చాయి. ఇంపీరియల్ సిక్స్ భవనంలో కొంత భాగం ఒక కంపెనీ సొంతం, మిగతాది లీజు. 1986లో ఆ లీజును పోటీ కంపెనీ తీసుకోవడంతో నడుస్తున్న హాలు మూతబడింది. కాబట్టి అలంకారాల ఫోటోలు తీసే ముందు, స్థలం ఎవరిది, ఏ ముక్క ఎవరి పేరున ఉంది, లీజు ఎప్పుడు ముగుస్తుంది అన్నది కనుక్కో. ఆసక్తిగా ఉండే పని కాదు కానీ హాలు ప్రాణం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

వింటర్ గార్డెన్ చూశానని రాశావు కదా, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కింద ఎల్గిన్ 1913లో, దాని నెత్తిన ఏడంతస్తుల ఎత్తులో వింటర్ గార్డెన్ 1914లో తెరిచారు. మాటల సినిమాలు వచ్చి వాడ్‌విల్ అనే పాటలు, ఆటలు, హాస్యం కలిపిన రంగస్థల ప్రదర్శనలు పడిపోయాక, 1928లో పైదాన్ని మూసేశారు. కింద సినిమాలు ఆడుతూనే ఉన్నాయి, పైన యాభై ఏళ్లకు పైగా తాళం. ఎవరూ ముట్టుకోలేదు కాబట్టే అది మిగిలింది. కప్పుకు వేలాడదీసిన బీచ్ చెట్ల ఆకులు, గోడల మీద నీటిరంగుల పూలతీగలు, వాడ్‌విల్ కాలపు తెరలు, సీనరీలు అన్నీ లోపలే ఉండిపోయాయి. 1981లో ఒంటారియో ప్రభుత్వ వారసత్వ సంస్థ కొని బాగుచేయించింది. నీటిరంగుల గోడలను నీళ్లతో కడిగితే బొమ్మ పోతుంది. అందుకని పచ్చి రొట్టెపిండి ముద్దలు గోడ మీద దొర్లించి మసి తీశారు, అలా వందల పౌండ్ల పిండి పట్టింది. వేల కొమ్మల బీచ్ ఆకులు కొత్తగా కోసి, నిప్పంటుకోకుండా మందు పట్టించి కట్టారు. 1989 డిసెంబర్‌లో రెండు హాళ్లూ మళ్లీ తెరుచుకున్నాయి. ఆ పనికి ఆర్కిటెక్ట్ మాండెల్ స్ప్రాక్‌మన్. ఇంపీరియల్‌ను ఆరు ముక్కలు చేసిన డిజైన్ కూడా ఆయనదే! ఆయన తండ్రి కంపెనీ కాప్లన్ అండ్ స్ప్రాక్‌మన్ కెనడా అంతటా హాళ్లు కట్టింది. ముక్కలు చేసినవాళ్లను విలన్లుగా రాసేముందు ఇది గుర్తుంచుకో. టీవీ వచ్చి జనం తగ్గిన రోజుల్లో, ముక్కలు చేయడం వల్లే కొన్ని భవనాలు నిలబడ్డాయి.

భవనం సంగతి ఇలా ఉంచితే, మనుషుల జ్ఞాపకాలు ఇంకా తొందరగా పోతాయి. ముందు ఆపరేటర్లను వెతుకు. ప్రొజెక్టర్ గదిలో కార్బన్ కడ్డీలతో వెలుగు పుట్టించి, రీలు చివర తెర మూలన చుక్క కనపడగానే రెండో మిషన్‌కు మార్చినవాళ్లు ఇప్పుడు చాలా పెద్దవాళ్లు. ‘మీకు ఆ హాలు ఎలా అనిపించేది’ అని అడగకు, ‘బాగుండేది’ అని ఊరుకుంటారు. క్యూ ఏ వీధి దాకా వెళ్లేది, చలికాలంలో కోట్లు ఎక్కడ పెట్టేవారు, బాల్కనీ మెట్లు ఎన్ని, పాప్‌కార్న్ మిషన్ ఎప్పుడు వచ్చింది, టార్చిలైటుతో సీటు చూపించే పిల్లల యూనిఫారం ఏ రంగు అని అడుగు. చిన్న ప్రశ్న వేస్తే పెద్ద జవాబు వస్తుంది. రికార్డు చేసేముందు ఆ మాటలు ఎక్కడ వాడతావో కాగితం మీద రాసి సంతకం తీసుకో. వాళ్లిచ్చిన ఫోటోల మీద పెన్నుతో రాయొద్దు, వెనకాల మెత్తటి పెన్సిల్‌తో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని రాయి. ఒక కాపీ లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగానికి ఇచ్చెయ్యి. నీ లాప్‌టాప్‌లో ఒక్కదానిలోనే ఉంటే దాచినట్టు కాదు.

అందమైన సంగతులే పోగుచెయ్యకు అమ్మడూ. పది డాలర్ల నోటు తీసి చూడు. దాని మీదున్న వయోలా డెస్మండ్ 1946 నవంబర్ 8న నోవా స్కోషియాలోని న్యూ గ్లాస్గోలో, రోజ్‌లాండ్ థియేటర్‌లో, కింది సీట్లో కూర్చుంది. నల్లవాళ్లు బాల్కనీలోనే కూర్చోవాలన్నది అక్కడి పద్ధతి. ఆమెను బయటికి ఈడ్చి, జైల్లో పెట్టి, కింది టికెట్‌కూ పై టికెట్‌కూ మధ్య ఉన్న ఒక్క సెంటు పన్ను ఎగ్గొట్టిందని కేసు పెట్టారు. 2010లో గానీ క్షమాపణ రాలేదు, అప్పటికి ఆమె పోయి చాలా ఏళ్లయింది. మాంట్రియల్‌లో 1927 జనవరి 9న లోరియే పాలస్‌లో మంటలు లేచి, మెట్ల మీద తొక్కిసలాటలో 78 మంది పిల్లలు చనిపోయారు. దాని తర్వాత కెబెక్‌లో పదహారేళ్లలోపు వాళ్లను హాళ్లలోకి రానివ్వడం దశాబ్దాల పాటు మానేశారు. అప్పటివాళ్లు వెనక మెట్లను, అత్యవసర ద్వారాలను ఎందుకంత పట్టించుకున్నారో ఇలాంటివి తెలిస్తేనే అర్థమవుతుంది. మెట్లు కూడా ఫోటో తియ్యి.

మనవాళ్ల హాలు ఒకటి ఉంది, దాన్ని మాత్రం వదలకు. జెరార్డ్ స్ట్రీట్ ఈస్ట్‌లో ఈస్ట్‌వుడ్ అని పాత హాలు ఉండేది. 1972లో జ్ఞాన్ నాజ్ అనే ఆయన దాన్ని తీసుకుని హిందీ సినిమాలు ఆడించడం మొదలుపెట్టాడు. నాజ్ థియేటర్ అనేవాళ్లం. వారాంతంలో ఎక్కడెక్కడి నుంచో మనవాళ్లు వచ్చేవారు. సినిమాకు వచ్చినవాళ్ల కోసం పక్కన చీరల కొట్టు, మిఠాయి కొట్టు, పప్పులూ మసాలాలూ అమ్మే కొట్టు వెలిశాయి. ఇవాళ నువ్వు వెళ్లే జెరార్డ్ ఇండియా బజార్ అలా పుట్టింది. వీడియో క్యాసెట్లు వచ్చాక హాలు మూతబడింది, బజార్ మిగిలింది. ఆ హాల్లో వింటర్ గార్డెన్ ఆకులూ లేవు, పాలరాయీ లేదు. అయినా ఒక వీధినే పుట్టించింది. ఇక్కడ వాంకూవర్‌లోనూ 1913లో అల్కజార్‌గా తెరిచిన యార్క్ థియేటర్ కొన్నాళ్లు రాజా పేరుతో హిందీ సినిమాలు ఆడింది. మన భాషలు తెలిసిన నీలాంటివాళ్లు వెళ్లి అడిగితేనే ఈ కథలు బయటికొస్తాయి. సిటీ ఆర్కైవ్స్‌లో ఇవి పెద్దగా ఉండవు. ఎవరూ ఇవ్వలేదు కాబట్టి.

ఇక చట్టం. ఒంటారియోలో పాత భవనాలను కాపాడే హెరిటేజ్ చట్టం 1975లో వచ్చింది కానీ, అప్పట్లో కౌన్సిల్ కూల్చివేతను వాయిదా వేయగలిగేదే తప్ప ఆపలేకపోయేది. ఆపే అధికారం 2005లో వచ్చింది. జాతీయ చారిత్రక స్థలం అన్న ఫలకం గౌరవమే, ప్రైవేటు ఆస్తిని కాపాడే బలం దానికి లేదు. నిజంగా కాపాడేది సిటీ చేసే బైలా, అంటే స్థానిక చట్టం. అందులో ఏమేం కాపాడాలో జాబితా రాస్తారు. ఆ జాబితాలో లేనిది పోతుంది. బయటి గోడ ఒక్కటే రాసి వదిలేస్తే లోపల అంతా తవ్వి పారేసినా అడిగేవాడుండడు. బ్లోర్ స్ట్రీట్‌లో యూనివర్సిటీ థియేటర్ 1986లో పడగొట్టారు, ముఖభాగం మాత్రం నిలబెట్టారు. దాన్ని చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. నువ్వు సిటీకి రాసే అర్జీలో లాబీ, కప్పు, బాల్కనీ, బయటి దీపాల బోర్డు అన్నీ పేరుపేరునా రాయి.

వీల్‌చెయిర్ సంగతి మర్చిపోకు. అప్‌టౌన్ థియేటర్‌కు 2001లో వీల్‌చెయిర్ వాళ్లు లోపలికి వెళ్లే ఏర్పాటు చెయ్యాలని ఆదేశం వచ్చింది. ఖర్చు పెట్టలేమని 2003లో మూసేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో పడగొడుతుంటే కూలి పక్క భవనం మీద పడి ఒకరు చనిపోయారు. హాలు కాపాడాలనేవాళ్లు ర్యాంపుకూ లిఫ్టుకూ చోటు ఎక్కడో కూడా చూపించాలి. లోపలికి రాలేని మనిషి దాన్ని ఎందుకు కాపాడాలి? పైగా, మూతబడ్డ హాళ్లలోకి నువ్వు ఒంటరిగా దొంగచాటుగా వెళ్లొద్దు. నేల పుచ్చి ఉంటుంది, ఆస్‌బెస్టాస్ ఉంటుంది. యజమానిని అడుగు, చాలామంది సరే అంటారు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న, ఆ హాల్లో రేపు ఏం జరుగుతుంది అన్నది. ఒట్టావాలో 2,500కు పైగా సీట్ల కాపిటల్ థియేటర్ ఉండేది. 1969లో నేషనల్ ఆర్ట్స్ సెంటర్ తెరిచాక కచేరీలు అటు వెళ్లాయి, 1970లో కాపిటల్‌ను కూల్చేశారు. సాస్కటూన్ కాపిటల్ 1979లో పోయింది, ఆ బాధతోనే ఆ ఊళ్లో వారసత్వ భవనాల ఉద్యమం బలపడింది. ఇక్కడ వాంకూవర్‌లో 1927 నాటి ఆర్ఫియంను 1973లో చిన్న చిన్న తెరలుగా చీల్చబోయారు. జనం అడ్డుపడ్డారు. దానికి సింఫనీ ఆర్కెస్ట్రా అనే రోజువారీ అవసరం తోడైంది. అందుకే సిటీ 1974లో 71 లక్షల డాలర్లకు కొనగలిగింది. 1977లో తెరిచారు. మొదట్లో రంగులు తీర్చిన టోనీ హైన్స్‌బెర్గెన్‌నే ముసలితనంలో మళ్లీ పిలిచి గుమ్మటానికి బొమ్మ వేయించారు. నీకు ఇక్కడికి రావడం కుదిరితే తల పైకెత్తి చూద్దువుగాని.

మరి సినిమా ఆడకపోతే హాలు చచ్చినట్టేనా అంటే, కాదంటాను. బ్లోర్ వెస్ట్‌లో రన్నీమీడ్ 1927 నాటిది. పుస్తకాల షాపు అయింది, ఇప్పుడు మందుల షాపు. పాత అలంకారం మాత్రం ఉంది. చాలామంది దీన్ని అవమానం అంటారు. హాలు పడగొట్టి ఆ స్థలంలో కొత్త కండో అపార్ట్‌మెంట్లు కట్టడం కంటే నాకు ఇదే నయం. కప్పు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తెర కూడా రావొచ్చు. రాన్సెస్‌వేల్స్‌లో రెవ్యూ సినిమాను 2006లో మూస్తే చుట్టుపక్కలవాళ్లే లాభాపేక్ష లేని సంఘంగా కలిసి మరుసటి ఏడాది తెరిచారు. అక్కడ వాలంటీర్‌గా చేరే వీలుందేమో ముందు కనుక్కో. టికెట్లు చింపుతూ నేర్చుకునేది పుస్తకాల్లో దొరకదు.

మే నెలాఖరులో ఊళ్లోని భవనాలను జనం చూడటానికి తెరిచే డోర్స్ ఓపెన్ ఉంటుంది, అప్పుడు హాళ్ల లోపలి భాగాలు చూడొచ్చు. ఈలోపు ఒక పని చెయ్యి. నాజ్‌కు వెళ్లిన పెద్దవాళ్ల పేర్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కరికీ ముందు నేను ఫోన్ చేసి నువ్వు వస్తావని చెప్తాను. వాళ్లింటికి వెళ్లేటప్పుడు మంచి మైక్ పట్టుకెళ్లు, ఫోన్ మైక్ మీద ఆధారపడకు. పాత ఆల్బమ్‌లు తీసిపెట్టమని ముందురోజే అడుగు. వాళ్లలో ఒకాయనకు ఆరోగ్యం బాగాలేదు, ఆయన దగ్గరికి మొదట వెళ్లు.

ఇట్లు,
మీ పెదనాన్న