పక్క దేశం టీవీ సరే, ఆ బాక్సు మాత్రం వద్దు

ప్రశ్న: మా అన్నయ్య కొలంబోలో ఉద్యోగం మానేసి వచ్చేస్తూ అక్కడ వాడుకున్న 55 అంగుళాల స్మార్ట్ టీవీ కూడా తెచ్చుకున్నాడు. చెన్నై పెరంబూరులో మా ఇంట్లో బిగించాం. బొమ్మ బాగానే వస్తోంది గానీ తెలుగు ఓటీటీ యాప్‌లు కొన్ని స్టోర్‌లో కనపడట్లేదు. రిచీ స్ట్రీట్‌లో ఒకాయన చిన్న ఆండ్రాయిడ్ బాక్సు తగిలిస్తే అన్నీ ఫ్రీగా వస్తాయంటున్నాడు. కొనమంటారా? కరెంటు తేడాకి స్టెబిలైజర్ కావాలా?

జవాబు: నిన్న దుబాయ్, మొన్న సింగపూర్, ఇవాళ కొలంబో. ఊరు మారుతుంది గానీ ప్రశ్న మారదు, అందరి టెన్షనూ ముందు కరెంటు గురించే. శ్రీలంకలోనూ మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్, కాబట్టి కరెంటు తేడా అనేదే లేదు. ప్లగ్గు చదరపు పిన్నులది అయితే దానికి కన్వర్టర్ తగిలించి వదులుగా వేలాడేయకండి. టీవీ వెనక నుంచి వైరు ఊడొచ్చే మోడల్ అయితే మన పిన్నులది ఒకటి కొనేస్తే సరి. సెట్‌టాప్ బాక్సు ఎలాగూ హెచ్‌డీఎంఐలో పెడతారు గనక ట్యూనర్ (చానెళ్లు పట్టే భాగం) గొడవా లేదు. వారంటీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. (మీలాగే తెద్దామనుకునేవాళ్లకి ఒక మాట: లగేజీతో వచ్చే ఫ్లాట్ టీవీలకి డ్యూటీ మినహాయింపు 2013 ఆగస్టు 26 నుంచే తీసేశారు, అప్పట్లోనే 36.05 శాతం కట్టాల్సొచ్చింది. ఇప్పటి లెక్క చూసుకుని కొనండి.)

అసలు సంగతి ఆ బాక్సు. నన్ను భయపెడుతున్నది టీవీ కాదు, అదే. పేరూ ఊరూ లేని ఈ బాక్సుల్లో కొన్నిటికి ఫ్యాక్టరీ నుంచే మాల్‌వేర్ (హాని చేసే దొంగ సాఫ్ట్‌వేర్) ఎక్కించి పంపుతున్నారు. 'బ్యాడ్‌బాక్స్ 2.0' పేరుతో సాగుతున్న ఈ దందా గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ బహిరంగంగానే హెచ్చరించింది. బాక్సు పెట్టుకున్నవాళ్లకి ఏమీ తెలియదు, సినిమా ఆడుతూనే ఉంటుంది, వెనకాల మాత్రం మీ ఇంటి ఇంటర్నెట్‌ని ఎవడో ముక్కూమొహం తెలియనివాడు అద్దెకు తీసుకుని వాడుకుంటుంటాడు. వాడు ఎవరి అకౌంటో దోచుకుంటే ఐపీ అడ్రస్ మీది, కాబట్టి పోలీసులు ముందు తట్టేది మీ తలుపు! పెట్టగానే 'ప్లే ప్రొటెక్ట్ (హానికర యాప్‌లని పట్టే గూగుల్ కాపలా) ఆఫ్ చేయండి' అని అడిగిందా, అక్కడే ఆగిపోండి. టెలిగ్రామ్‌లో దొరికే ఏపీకేలు (స్టోర్ బయట తిరిగే యాప్ ఫైళ్లు) టీవీలోకి ఎక్కించడమూ ఇంతే. ఫోన్లో బ్యాంకు యాప్‌కి మూడు తాళాలు వేసుకునేవాళ్లే, అదే వైఫైలో టీవీకి మాత్రం తలుపులు బార్లా తీసి పెడతారు, నాకిది ఎప్పటికీ అర్థం కాదు.

సరే, యాప్‌ల సంగతి. ముందు టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, ఎలాగూ మీ అన్నయ్య పాత లాగిన్లు కూడా పోవాలి. మొదట్లో దేశం అడిగినప్పుడు ఇండియా ఎంచుకుని, ఇక్కడి అకౌంట్‌తోనే లాగిన్ అవ్వండి. చాలా టీవీల్లో దీంతో పని అయిపోతుంది. జాబితాలో ఇండియానే లేకపోతే? కొన్ని మోడళ్లలో ఉండదు. లక్షలు పోసి కొన్న వస్తువు, సముద్రం అవతలి గట్టు నుంచి ఇవతలి గట్టుకి వచ్చినందుకే యాప్‌లు ఇవ్వనంటే ఎవరికి ఒళ్లు మండదు? గాజు అదే, చిప్పు అదే, అడ్డుపడేది ఒక్క సెట్టింగు. ఆ సెట్టింగు తెరిచి వినియోగదారుడికి ఇవ్వడానికి టీవీ కంపెనీలకి చేతులు రావు గానీ, హోమ్ స్క్రీన్ మీద కొత్త ప్రకటనల వరస దించే అప్‌డేట్ మాత్రం అడగకుండానే వస్తుంది. మనం ఏం చూస్తున్నామో తెర మీది బొమ్మని బట్టి పసిగట్టి పంపే ఫీచర్ కూడా అలాగే, సెట్టింగుల్లో ఏ అడుగునో దాక్కుని ఉంటుంది. అమెరికాలో ఒక టీవీ కంపెనీ ఈ పని చెప్పకుండా చేసి దొరికిపోయి, 2017లో 22 లక్షల డాలర్లు కట్టి కేసు వదిలించుకుంది.

అందుకే ఇండియా ఆప్షన్ లేకపోతే టీవీతో కుస్తీ పట్టకండి. దాని వైఫై తీసేసి ఉత్త తెరగా వాడుకోండి, ఇక్కడ బిల్లుతో అమ్మే తెలిసిన కంపెనీ స్ట్రీమింగ్ స్టిక్కు (ఓటీటీ యాప్‌లు నడిపే చిన్న పరికరం) ఒకటి హెచ్‌డీఎంఐలో పెట్టండి. తెలుగు యాప్‌లన్నీ అందులోనే వస్తాయి. లైసెన్సు లేని బాక్సుల్లో కొన్ని ఓటీటీలు హెచ్‌డీ ఇవ్వవు కూడా, అంత పెద్ద తెర మీద మసక బొమ్మ చూడాల్సిన ఖర్మ మీకెందుకు?

ఒకవేళ ఈ జవాబు వచ్చేలోపే ఆ బాక్సు కొనేసి ఉంటే రీసెట్ కొట్టి ఊరుకోకండి, ఆ మాల్‌వేర్ సిస్టమ్‌లోనే కూర్చుంటుంది, రీసెట్‌కి పోదు. బాక్సు పీకేసి, వైఫై పాస్‌వర్డూ, దాంట్లో వాడిన గూగుల్ అకౌంట్ పాస్‌వర్డూ ఈ రోజే మార్చండి. ఆ బాక్సుని ఇంకెవరికీ అమ్మకండి కూడా.