బీపీ తగ్గడానికి మెగ్నీషియం, పొటాషియం మాత్రలు వేసుకోవచ్చా?

మెగ్నీషియం మాత్రలతో బీపీ తగ్గేమాట నిజమే కానీ, సగటున 2 పాయింట్లే. 150 ఉన్నవాళ్లకు అది ఏ మూలకు? కాల్షియంతోనూ అంతంతమాత్రమే.

గట్టిగా పనిచేసేది పొటాషియం. ఉప్పుతో ఒంట్లో చేరిన సోడియం మూత్రంలో పోయేలా చేస్తుంది, రక్తనాళాలను కాస్త వదులు చేస్తుంది. పెద్దలకు రోజుకు కనీసం 3.5 గ్రాములు, అదీ తిండి నుంచే అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పప్పు, తోటకూర, అరటిపండు, కొబ్బరినీళ్లలో బాగానే ఉంటుంది. (ఆ పప్పన్నంలో ఆవకాయ దండిగా కలిపితే మాత్రం లెక్క తారుమారే.) చైనా పల్లెల్లో చేసిన పెద్ద అధ్యయనం 2021లో వెలువడింది. నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది.

అయితే కిడ్నీ జబ్బు ఉన్నా, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వాడుతున్నా, డాక్టర్‌ని అడగకుండా పొటాషియం మాత్రలు గానీ ఆ ఉప్పు గానీ మొదలుపెట్టొద్దు. రక్తంలో పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది.