చీరకు పాల వాసన వస్తుందని ముందే చెప్పండి

ప్రశ్న: నమస్తే అక్కా. శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకుని, ఇప్పుడు తిరుపతిలో ఇంట్లోనే దుపట్టాలు, చీరల మీద చేత్తో బొమ్మలు వేసి అమ్ముతున్నాను. ఆర్డర్లు బాగానే వస్తున్నాయి. కానీ పొద్దున లేచింది మొదలు వాట్సాప్‌లో అవే ప్రశ్నలు. రేటెంత, ఎన్ని రోజులు, రంగు పోతుందా, ఫొటోలో ఉన్నట్టే వస్తుందా అని. వాటికి జవాబులు రాసేసరికే పొద్దుపోతోంది, కలం పట్టే తీరిక ఉండట్లేదు. అన్నీ ముందే రాసి పెట్టెయ్యమని మా వారు అంటున్నారు. రేటు, రోజులు చూసి వచ్చేవాళ్లు కూడా వెనక్కి పోతారేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ వారు చెప్పిందే కరెక్టమ్మా, రాసి పెట్టండి. రేటు చూసి వెనక్కి పోయేవాళ్లు అరగంట మాట్లాడాక అయినా పోతారు. ఆ అరగంట మీకు మిగలనివ్వండి.

అయితే నేనూ కాళహస్తిలో ఇదే పని చేస్తున్నదాన్ని కాబట్టి ఒక మాట చెబుతాను. కస్టమర్లు అడిగే ఆ నాలుగు ప్రశ్నలకు ఎలాగూ జవాబు దొరుకుతుంది. అడగనివే పార్సిల్ విప్పాక గొడవ తెచ్చిపెడతాయి. వాసన సంగతే చూడండి. బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెడతామని మనకు తెలుసు. హైదరాబాద్‌లో పార్సిల్ విప్పే ఆవిడకు ఎలా తెలుస్తుంది? కొత్త చీరకు అదేం వాసన, ఎవరో కట్టి విడిచింది పంపారా అనుకుంటుంది. అందుకే ప్రతి చీర మడతలో నేనో చీటీ పెడతాను: 'ఈ బట్టను కరక్కాయ, గేదె పాలలో నానబెట్టాం. మొదట్లో కొంచెం పాల వాసన వస్తుంది. నీడలో గాలికి ఆరేస్తే తగ్గుతుంది. మొదటిసారి విడిగా, చల్లటి నీళ్లలో, సబ్బు లేకుండా జాడించండి.' ఆర్డర్ తీసుకునేటప్పుడు కూడా ఇవే మాటలు పంపుతాను. చీటీ పార్సిల్‌తో వస్తుంది, ఆవిడ నిర్ణయం అంతకుముందే జరిగిపోతుంది కదా.

ఇంతకంటే ముఖ్యమైనది మార్పుల విషయం. చింత బొగ్గుతో గీసినంత వరకే మార్పులు. బొగ్గు గీత దులిపితే పోతుంది. దాని మీద కసిమి పెట్టామంటే, అంటే బెల్లం నీళ్లలో పాత ఇనుము ఊరబెట్టిన ద్రవం, అది కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లబడుతుంది. ఆ గీతను ఇక ఎవరూ చెరపలేరు. కస్టమర్‌కు ఇది తెలియదు. 'కృష్ణుడి పక్కన నెమలి బదులు ఆవును పెట్టండి' అని నలుపు గీతలన్నీ పూర్తయ్యాక తాపీగా మెసేజ్ పెడతారు. తప్పు వాళ్లది కాదు, మనం చెప్పలేదు. కాబట్టి బొగ్గు గీతలు అయ్యాక ఫొటో పంపి, 'చూసి ఓకే అనండి. ఇక్కడి నుంచి మార్పులు కుదరవు' అని రాయండి. జవాబు వచ్చేదాకా కలం ముట్టుకోవద్దు. నా దగ్గర ఈ ఒక్క పద్ధతితో పోట్లాటలు చాలామటుకు ఆగాయి.

రంగు గురించి 'అస్సలు పోదండీ' అని మాత్రం రాయకండి. పటికతో పట్టించిన ఎరుపు, ఇనుముతో వచ్చిన నలుపు గట్టిగా నిలుస్తాయి. పసుపు మాత్రం ఎండకు వెలుస్తుంది. ఉన్నదున్నట్టు చెప్పి, నీడలో ఆరేయమనండి. ఫొటో సంగతి ఒక్క ముక్కలో తేల్చెయ్యొచ్చు. అదే డిజైన్ మళ్లీ వేసినా చేతి గీత కాబట్టి కన్ను, కనుబొమ్మ కాస్త మారతాయి.

రోజుల లెక్కలో మన వానలను మరవకండి. అక్టోబరు, నవంబరుల్లో మన వైపు ముసురు పట్టిందంటే ఉతికిన బట్ట ఆరదు, ఆరకపోతే తర్వాతి రంగు వెయ్యలేం. కార్తీక మాసం పెళ్లిళ్లూ అప్పుడే. 'ఈ రెండు నెలల్లో మామూలు కంటే రెండు వారాలు ఎక్కువ పడుతుంది' అని ముందే రాసి, ముహూర్తం ఎప్పుడో మీరే అడగండి.

ఇక రేటు. 'మా వీధి షాపులో కలంకారీ 900కే ఉంది' అనే మాట మీకూ వచ్చే ఉంటుంది. దానికి కోపం వద్దు. మచిలీపట్నం దగ్గరి పెడనలో చెక్క అచ్చులతో అద్దేదీ కలంకారీయే. మచిలీపట్నం కలంకారీ పేరుతో దానికి వేరే భౌగోళిక గుర్తింపు ఉంది, మన శ్రీకాళహస్తి కలంకారీకి వేరే ఉంది. అచ్చు పనిని తక్కువ చేసి మాట్లాడకుండా, 'మాది వెదురు కలంతో గీసినది' అని చెప్పి, తెల్లబట్ట, పాలలో నానిన బట్ట, బొగ్గు గీత, నలుపు, ఎరుపు వరుసగా ఫొటోలు పెట్టండి. పక్కనే ధర వివరంగా ఇవ్వండి. ఒక్క బొమ్మ ఉన్న దుపట్టా ఎంత నుంచి, పల్లూ నిండా బొమ్మలుంటే ఎంత నుంచి అని. 'ధరకు మెసేజ్ చేయండి' అని పెడితే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇవన్నీ వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైలుగా దాచుకోండి. అయితే ఎవరైనా హలో అనగానే మొత్తం గుమ్మరించొద్దు. ఎవరికి, ఏ సందర్భానికి అని ఒక మాట అడిగి, వాళ్లకు అవసరమైనదే పంపండి.

ప్రశ్న: పెళ్లిళ్లకు మెహందీ పెడతాను మేడం. పెళ్లికూతురికని మాట్లాడుకుని వెళితే, అక్కడ 'ఈ పిన్నిగారికి కూడా ఓ చెయ్యి పెట్టమ్మా' అంటారు. కాదనలేక చచ్చిపోతున్నాను.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పెళ్లింట్లో పెద్దవాళ్ల ముందు డబ్బు మాట ఎత్తడం ఎవరికైనా కష్టమే. అందుకే ఆ మాట అడ్వాన్స్ తీసుకున్న రోజే అయిపోవాలి. ఎన్ని చేతులు, మోచేతి దాకానా పైకా, అదనపు చేతికి ఎంత, రానుపోను ఖర్చు ఎవరిది, అన్నీ మెసేజ్‌లో పెట్టి వాళ్ల చేత సరే అనిపించుకోండి. అప్పుడు పిన్నిగారు చెయ్యి చాపితే పెళ్లికూతురి అమ్మగారే లెక్క చూసుకుంటారు. కడిగిన రోజు నారింజ రంగులోనే ఉంటుందనీ, ఒకటి రెండు రోజులకు ముదురుతుందనీ, కాబట్టి పెళ్లికి రెండు రోజుల ముందే పెట్టించుకోమనీ అందులోనే రాయండి. నల్ల మెహందీ అడిగేవాళ్లకు అందులో కలిపే రసాయనంతో చర్మం బొబ్బలెక్కే ప్రమాదం ఉందని చెప్పి, మీరు పెట్టరని ఖచ్చితంగా చెప్పండి.