నీటి అడుగున మ్యాక్రో: లెన్స్ కొనేముందు రబ్బరు రింగు చూడండి

ప్రశ్న: కాంపాక్ట్ కెమెరాకు వాటర్‌ప్రూఫ్ హౌసింగ్ (కెమెరాను లోపల పెట్టే, నీరు చొరని పెట్టె) కొని అండమాన్ డైవింగ్‌కు తీసుకెళ్లాను. న్యూడిబ్రాంక్ అనే రంగురంగుల సముద్రపు నత్తలను మ్యాక్రో మోడ్‌లో, అంటే బాగా దగ్గరి నుంచి తీస్తే సగం ఫొటోలు మసక, మిగతావాటిలో ఓ పక్కంతా చీకటి. చిన్నవాటిని పెద్దగా చూపే లెన్స్‌లో +10 పవర్‌ది కొనాలా, +15 కొనాలా? చవగ్గా దొరికే క్లోజప్ ఫిల్టర్ సరిపోదా?
- ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అండమాన్, కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి వెళ్లొచ్చినవాళ్లందరూ అడిగేది ఇదే. తప్పు మీది కాదు. చాలా కాంపాక్ట్ కెమెరాల్లో మ్యాక్రో మోడ్ జూమ్ వాడనప్పుడే బాగా దగ్గరకు ఫోకస్ అవుతుంది. నత్తకు రెండు మూడు సెంటీమీటర్ల దూరం దాకా వెళ్తే, హౌసింగ్ ముందుభాగమే ఫ్లాష్ వెలుతురుకు అడ్డుపడుతుంది. ఆ చీకటి దానిదే.

జూమ్ చివరిదాకా పెట్టి, హౌసింగ్ బయట వెట్ లెన్స్ (నీళ్లలో వాడేందుకే చేసిన లెన్స్) తగిలించండి. +10 అయితే సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ దొరుకుతుంది, వెలుతురు పడటానికి చోటుంటుంది. +15తో ఆరేడు సెంటీమీటర్లే. నత్త కొమ్ములు స్పష్టంగా వస్తే వీపు మసకబారుతుంది. మొదటిసారికి +10 చాలు. ఒడ్డున వాడే క్లోజప్ ఫిల్టర్ మాత్రం వద్దు. గాజుకు నీళ్లు తగలగానే దాని పవర్‌లో చాలా భాగం పోతుంది. లెన్స్‌ను నీళ్లలోనే బిగించి, మధ్యలో చిక్కిన గాలి బుడగలు పోయేలా చూసుకోండి.

ఇక నాకు టెన్షన్ పెట్టే విషయం. హౌసింగ్ మూత చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగ్ మీద ఒక్క తలవెంట్రుక చాలు, ఉప్పునీరు లోపలికి రావడానికి. నా కెమెరా ఒకటి అలాగే పోయింది. తర్వాత రింగును కిటికీ వెలుగులో తిప్పి చూస్తే, ఒకచోట వెంట్రుక అడ్డంగా అతుక్కుని ఉంది, పెన్సిల్ గీతంత సన్నగా. పోయింది కెమెరా ఒక్కటే అయితే సరే అనుకోవచ్చు. లోపలున్నది లిథియం బ్యాటరీ. ఉప్పునీటిలో షార్ట్ అయితే వేడెక్కి పొగలు కక్కుతుంది, అంటుకోవచ్చు కూడా. తడిసిన కెమెరాను బియ్యం డబ్బాలో పెట్టి, మర్నాడు చార్జింగ్ పెట్టామని రాసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నీరు ఆరినా ఉప్పు లోపలే ఉంటుంది. నీళ్లు చేరిన హౌసింగ్‌లో గ్యాస్ చేరి ఒత్తిడి పెరిగి ఉండొచ్చు, మూత మీ ముఖానికి ఎదురుగా పెట్టి తెరవకండి. తడిసిన బ్యాటరీని మళ్లీ వాడొద్దు. ఇంట్లో కాకుండా ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా పెట్టండి.

కంపెనీల మీద కూడా నాకు కోపమే. ఒక మోడల్ హౌసింగ్ ఇంకో మోడల్‌కు పట్టదు. కొత్త మోడల్‌లో ఒక బటన్ రెండు మిల్లీమీటర్లు జరిపితే చాలు, కెమెరా అంత ఖరీదు పెట్టి కొన్న హౌసింగ్ అటకెక్కాల్సిందే. '15 మీటర్ల దాకా వాటర్‌ప్రూఫ్' అని అమ్మే కొన్ని కెమెరాలకైతే ముందు లెన్స్ బిగించుకునే మరలు కూడా ఉండవు. నీళ్లలోకి దిగమని చెప్పేవాళ్లకు నీళ్లలో ఏం తీస్తామో తెలియదా?

అందుకే లెన్స్ 67 ఎంఎం మరలున్నదే తీసుకోండి. ఎక్కువ హౌసింగ్‌లకు అదే సైజు, కెమెరా మారినా లెన్స్ మిగులుతుంది. ప్రతి ట్రిప్‌కు ముందు ఖాళీ హౌసింగ్‌లో టిష్యూ పేపర్ పెట్టి అరగంట బకెట్ నీళ్లలో ముంచండి. లోతుకు వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడి మూతను ఇంకా బిగిస్తుంది కాబట్టి చాలా లీకులు పైపైనే బయటపడతాయి. టిష్యూ పొడిగా ఉంటేనే కెమెరా లోపల పెట్టండి.